కడుపు పట్టుకొని ఎమ్మిగనూరు పోయొచ్చిన సంగతి

నా పేరు రూతమ్మ. మాది చిప్పగిరి పక్క పల్లె. మిషను బళ్ళో నాలుగో తరగతి దాకా సదివినా. ఉత్తరాలు రాసింటా గానీ ఇంత పొడుగు ఎప్పుడూ రాయలే. తప్పులుంటే ఓర్సుకోండి. పత్తి ఏరేకాడ మా ఆడోళ్ళు, ఆదోని ఎట్లుంటాది, ఎమ్మిగనూరు ఎట్లుంటాది, సెప్పు సెప్పు అని ఒకటే పోరు. ఒకరికి సెప్తే ఇంకొకరు నాకు సెప్పలే అని మూతి ముడుస్తారు. అందుకే రాస్తాండా. సదువొచ్చినోళ్ళు రానోళ్ళకు సదివి వినిపించండి. మొగోళ్ళు ఉన్నప్పుడు మాత్రం వద్దు.

ఎందుకంటే ఇది నా కడుపు సంగతి. ఈ ఒక్క మాట రాసేకి రెండు దినాలు కాగితం ముందర పెట్టుకొని కూసున్నా. రాయకుంటే మిగతాది అబద్ధమయితాది.

నాకు మూడేండ్ల నుంచి కడుపు సరిగా ఉండదు. రెండు దినాలు అసలు బయటికే రాదు. మూడో దినం ఉన్నట్టుండి పొత్తికడుపు మెలి తిరిగి, సేతిలో ఏ పనుంటే ఆ పని ఇడిసి పరిగెత్తాల. మధ్యలో గాలి పట్టి తప్పెట మాదిరి ఉబ్బుతాది. నలుగురిలో గమ్మున కూసుంటే గుడగుడ అని అదే మాట్లాడుతాది. బయం పుడితే ఇంకా ఎక్కువ. యాడికన్నా పోవాల అనుకుంటే సాలు, గడప దాటకముందే మొదలు. ఆస్పత్రిలో డాక్టరమ్మ నొక్కి నొక్కి సూసి, లోపల పుండు లేదు, పురుగు లేదు, బయపడొద్దు అనింది. బయపడొద్దంటే బయం పోతాదా? మా అత్త మాత్రం నాకెవరో కూట్లో మందు పెట్టినారని, కక్కించేటోని దగ్గరికి తీసకపోయింది. ఆయప్ప ఏందో పసరు తాపి, నల్లగా ఏందో కక్కించినాడు. మూడు దినాలు బాగుండాననుకున్నా. నాలుగో దినం మళ్ళా అదే కత.

మొగోళ్ళకు ఇట్లయితే యాడైనా సరే, గోడ కనపడితే సాలు. మాకు తెల్లారకముందు ఒకసారి, పొద్దు గూకినంక ఒకసారి. పగలు కడుపు తిరిగితే ఆడది యాడికి పోవాల?

ఎందుకు పోయినానంటే

నా తమ్ముడు సామేలుకు ఎమ్మిగనూరులో ఒక పిల్లను సెప్పినారు. మాలో పిల్లను సూసేకి పోతే మొగోళ్ళు బయట ఎంత మాట్లాడుకున్నా లెక్క లేదు. పిల్లోని తల్లి లోపల కూసోని, ఆ పిల్ల సేతి తీపి తినాల. తింటే ఒప్పుకొన్నట్టు. తినకుండా లేసినా, మధ్యలో లేసినా, వద్దన్నట్టు. మా అమ్మ పోయి ఆరేండ్లాయ. అమ్మ తావులో నేను తినాల.

అంతకుముందు ఏడాది కైరుప్పల దగ్గర ఒక పిల్లను సూసినాము. రెండు ముద్దలు తిన్నా. మూడో ముద్దకు కడుపు తిరిగి, లేసి సేన్లకు పరిగెత్తినా. తిరిగొచ్చేసరికి నా ఇస్తరి తీసేసినారు, మొకాలు మాడ్చుకొని కూసున్నారు. ఇంటికొచ్చినంక సామేలు, "పిల్ల నచ్చలేదా అక్కా?" అన్నాడు. నిజం సెప్పేకి నోరు రాక ఊఁ అన్నా. "నీకు నచ్చకుంటే నాకూ వద్దులే" అని ఎద్దులకు గడ్డేసేకి పోయినాడు. ఆ పిల్ల ఏ తప్పూ సేయలే. వాడూ సేయలే. అందుకే ఈసారి యాడైనా సరే తినే రావాలని బైబిలు మింద సెయ్యేసి అనుకున్నా.

రైలు

మా మేనమామ యాకోబు నన్ను పిల్సకపోయినాడు. మంచోడే గానీ నోరు ఊరుకోదు, పొట్ట అసలే ఊరుకోదు. నేను ముందు దినం మాపటి నుంచే ఏమీ తినలే. లోపల ఏమీ లేకుంటే బయటికి ఏమొస్తాది అని నా లెక్క.

రైలు పెట్టెలో ఒక మూల సన్న తలుపుండాది, దాని లోపల దొడ్డి. నేను పోయి దాని పక్కనే కూసున్నా.

"కిటికీ కాడికి రా పాపా, గాలొస్తాది" అన్నాడు మామ.

"ఈడే బాగుంది మామా."

"ఈ కంపులోనా?"

"నాకేం కంపు రాలే."

అందరూ ముక్కు మూసుకొని దూరం జరుగుతాంటే నేను మాత్రం పుట్టింట్లో కూసున్నట్టు కూసున్నా. ఆస్పరి దాటినాము. కడుపు ఒక్కసారి కూడా అరవలే. తలుపు పక్కనే ఉండాదని దానికి తెల్సు. దాని అవసరం రాలే కూడా. అదే నాకు ఇచిత్రం.

ఆదోని

ఆదోనిలో దిగినంక ముందు కనపడేది దూది. పత్తి బండ్లు ఒకదాని ఎనక ఒకటి, ఎద్దుల కొమ్ముల మింద దూది, అంగళ్ళ కప్పుల మింద దూది, మనుషుల మీసాల మింద దూది. పత్తి గింజ తీసే జిన్నుల మోత యాడికి పోయినా వినపడుతాది. మనం ఏరి బస్తాలకు కుక్కిన పత్తి ఈడ మిల్లులోకి పోయి, ఇనప పట్టీలు కట్టుకొని బండలాగా బయటికొస్తాది. ఆ బేళ్ళను ఎత్తే కూలోళ్ళు ఒక్క గొంతుతో అరుస్తాంటే సూస్తా నిలబడిపోయినా.

మామ నన్ను ఒక పూటకూళ్ళ అంగడికి పిల్సకపోయినాడు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. రెండణాలకు ఆకు నిండా పెడతారు. బొరుగులు నానేసి, ఉల్లిగడ్డ ఏసి, పుట్నాల పొడి సల్లి ఇస్తారు. మన పక్క ఇంత పొడి ఎయ్యరు. వాసనకే నోరూరింది.

"తిను పాపా."

"ఒద్దు మామా."

"తినకుండా పోయి ఆడ పిల్లను ఏం సూస్తావు? కండ్లు తిరిగి పడితే, ఆ పిల్ల అందానికి పడిపోయినావని సెప్పాల్సొస్తాది నేను."

అంగట్లో ఇద్దరు ముగ్గురు నగినారు. నేనూ నగినా. ఆ నగులోనే పొత్తికడుపులో ఒక మెలి.

మామ బస్సు ఎప్పుడో అడిగొస్తానని పోయినాడు. నేను లేసి నడిసినా. యాడికి? ఒక పక్క మిల్లు గోడ. ఒక పక్క అంగళ్ళు. సందులోకి తిరిగితే అన్నీ ఇండ్లే, గోడకు గోడ అంటుకొని. మన పల్లెలో అయితే పది అడుగులు పోతే సేను. ఊరు ఎంత పెద్దదయితే ఆడదానికి తావు అంత తక్కువని ఆ పొద్దు తెల్సింది. సెమట్లు పట్టినాయి. కొంగు నోట్లో పెట్టుకొని నడుస్తాండా.

ఖాసింబీ ఇల్లు

ఒక ఇంటికి గోనె పరదా ఏలాడుతాండాది. పరదా కాడ ఒక ముసలామె కూసోని బొంత కుడుతాండాది. నేను నిలబడి, "అమ్మా, రొన్ని నీళ్ళు" అన్నా.

ఆమె తలెత్తి నా మొకం సూసింది. సూది బొంతకు గుచ్చి లేసింది.

"నీళ్ళు కాదులే బేటీ నీకు కావాల్సింది. లోపలికి రా. బిన్నా రా, నిలబడొద్దు."

పరదా ఎనక ముంగిలి, ముంగిలి మూలలో ఎత్తు గోడ కట్టిన సన్న గది. వాళ్ళల్లో ఆడోళ్ళు పగలు బయటికి పోరు గదా, అందుకని ఇంట్లోనే సండాసు కట్టుకుంటారంట. ఆమె సెంబు నా సేతికిచ్చి, అటు తిరిగి నిలబడింది. మిట్టమద్యానం, గోడల మధ్యన, ఎవరూ సూడకుండా. నాకు ఏడుపొచ్చింది. ఏంటికో తెలీదు.

బయటికొస్తాంటే ఎనక తలుపు నుంచి ఒకామె తట్ట, రేకు ముక్క పట్టుకొని వచ్చింది. ఆ గది ఎత్తిపోసేది ఆమె పని. నా ఈడుదే. నన్ను సూసి పక్కకు జరిగింది. నేను ఆమె మొకం సూడలేకపోయినా. నా సిగ్గు ఆమె తట్టలోకి పోతాందని ఆ గోడల మధ్యన నాకు గుర్తే రాలే.

ముసలామె పేరు ఖాసింబీ. నన్ను కూసోబెట్టి సోంపు కాసిన నీళ్ళు ఇచ్చింది. నేను ఎవరికీ సెప్పనిది, అప్పుడే పేరు తెల్సిన ఆమెకు మొత్తం సెప్పేసినా. కైరుప్పల సంగతితో సహా.

"నిన్నటి నుంచి ఏం తిన్నావు?"

"ఏమీ తినలే."

"తినకుంటే రాదనుకున్నావా? మరి ఇప్పుడేమొచ్చింది?" అని నగింది. "ఖాళీ కడుపుకు కోపం ఎక్కువ బేటీ. రొంత రొంత తిను. నెయ్యి, పాలు ముట్టుకోకు. మా సెల్లెలికి కూడా ఇట్లే. పెండ్లిండ్లకు పోవాలంటే మూడు దినాలు ముందే మొకం పీక్కపోతాది. ఇప్పటికీ బతికే ఉంది, అరవై ఏండ్లు."

ఎండు జొన్నరొట్టె సగం తుంచి సేతిలో పెట్టింది. తిరిగిపోతాంటే "సెప్పేస్తే ఏమయితాది? నాకు సెప్తివి గదా, నేనేమన్నా తరిమినానా?" అనింది. నీకు సెప్పేది వేరు, పిల్లనిచ్చేటోళ్ళకు సెప్పేది వేరు అనుకున్నా గానీ బయటికి అనలే.

మామ అంగడి ముందర నిలబడి అరుస్తాండాడు. "యాడికి పోయినావు పాపా? సంతలో దూడ తప్పిపోయినట్టు ఎతుకుతాండా!" మిషను దేవాలయం సూసేకి పోయినానని అబద్ధమాడినా.

బస్సు

రైలు లాగా కాదు బస్సు. తలుపు కాడ కూసునే తావు లేదు, నిలబెట్టమంటే నిలబెట్టరు. నా ముందర ఒకాయప్ప మేకపిల్లను కాళ్ళ మధ్య పెట్టుకొని కూసున్నాడు. అందరూ కర్నూలు మాటే. రాజధాని అయిందంట, ఆఫీసర్లు గుడారాల్లో కూసోని రాస్తాండారంట. ఒకరు, వానొస్తే రాజ్యం తడిసిపోతాది అన్నారు. అందరూ నగుతాండారు. నేను మాత్రం పొట్ట మింద మూట పెట్టుకొని, ఊపిరి బిగబట్టి కూసున్నా. బస్సు గుంతలో పడింది. నేను ఎంత బిగబట్టినా గాలి ఆగలే.

సప్పుడు ఇంజను మోతలో కలిసిపోయింది. వాసన కలవలే.

"ఎవురప్పా అది?" అని ఎనక నుంచి ఒకరు.

"ఇంగెవరు, ఈ మేకపిల్ల!"

"దేవుని తోడు, నా మేకపిల్ల కాదప్పా! పొద్దున్నుంచి అది గడ్డి పరక కూడా తినలే!"

"తినకుంటేనే అట్లొస్తాది" అన్నాడు ఇంకొకాయప్ప.

ఆయప్ప ఎంత నిజం సెప్పినాడో ఆ బస్సులో నాకొక్కదానికే తెల్సు. తరువాత ఊరు వచ్చేదాకా ఆ మేకపిల్ల ఆసామిని, మేకను తిట్టినారు. ఆయప్ప అవమానంతో మేక మూతి తుడుస్తాండాడు. నేను తల కిటికీ బయట పెట్టి నల్లరేగడి సేన్లు లెక్కపెట్టినా.

సగం దావలో ఇంజను కాగి బస్సు నిలబెట్టినారు. నీళ్ళు పోసేదాకా మొగోళ్ళందరూ దిగి దావకు అటొకరు ఇటొకరు సర్దుకున్నారు. ఆడోళ్ళం ఏడుగురం. ఒక్కరమూ దిగలే. ఎంత దూరం సూసినా మోకాలెత్తు పత్తి సెట్లే. ఏడుగురం ఒకరి మొకం ఒకరు సూడకుండా కూసున్నాము. నా ఒక్కదానికే కాదేమో ఈ బాద అని అప్పుడనిపించింది. అడగలేదు గానీ.

ఎమ్మిగనూరు

ఎమ్మిగనూరులో వీది పొడుగునా మగ్గాల సప్పుడు. టక్కు టక్కు, టక్కు టక్కు. ఇండ్ల ముందర కట్టెలు పాతి దారాలు సాగదీసి, గంజి పెట్టి కుంచెలతో దువ్వుతాండారు. కాలవలో నీళ్ళు ఒక ఇంటి కాడ ఎర్రగా, ఒక ఇంటి కాడ నీలంగా పోతాండాయి. మన పక్క పొలంలో వంగి పని. ఈడ ఇంట్లోనే గుంతలో కాళ్ళు పెట్టి, దినమంతా కూసోని పని. మగ్గం ముందర కూసుంటే మధ్యలో లేసేకి కాదు, నేనైతే ఈడ ఒక గజం కూడా నెయ్యలేను అనుకున్నా.

పిల్ల పేరు ఎస్తేరు. తల్లి లేదు, అవ్వ సాకింది. నాయన కూలికి నేస్తాడు. మేము పోయేసరికి మగ్గం ఆడుతాండాది. ఆ మోతలో నా కడుపు ఎంత అరిసినా ఎవరికీ వినపడదని దైర్నమొచ్చింది. ఆ నాయన మమ్మల్ని సూసి, మర్యాదకు మగ్గం నిలబెట్టి లేసినాడు. ఇల్లంతా గమ్మునైపోయింది. దానికి తోడు మామ, "ముందు ప్రార్థన సేసుకుందాం" అన్నాడు. మామ ప్రార్థన మొదలుపెడితే ఆదాము కాడ నుంచి వస్తాడు. అందరూ కండ్లు మూసుకున్నారు. నోవహు ఓడ ఎక్కేసరికి నా కడుపు మొదలుపెట్టింది. గుడగుడగుడ. దగ్గినా. మళ్ళా గుడగుడ. మళ్ళా దగ్గినా. ఆమెన్ అనేసరికి అవ్వ నన్నే సూస్తాండాది.

మొగోళ్ళు బయట అరుగు మింద. లోపల నేను, అవ్వ, ఎస్తేరు. ఇస్తరి ఏసినారు. కోడికూర, అన్నం, ఓళిగలు. మనం బొబ్బట్లు అంటాము, ఈడ కన్నడం కలిసి ఓళిగలంటారు. ఒక్కో ఓళిగ మింద నెయ్యి గుంట కట్టి ఉండాది, పక్కన గిన్నెలో పాలు. పాపం, ఎంత ఖర్చు పెట్టినారో. ఎస్తేరు ఓళిగ తీసి నా ముందర పెట్టింది.

ఒక్క తునక తింటే సాలు. తింటే మాత్రం మధ్యలో లేయాల్సొస్తాది. లేస్తే కైరుప్పలే. తినకపోయినా కైరుప్పలే. సెయ్యి ఇస్తరి దాకా పోతాది, వెనక్కొస్తాది.

"ఏమ్మా, తినవు?" అనింది అవ్వ.

"ఆకలి లేదవ్వా."

"చిప్పగిరి నుంచి వస్తివి, ఆకలి లేదా?"

నేను ఇస్తరి అంచు సర్దినా.

"పిల్ల నల్లగుండాదనా?"

"అయ్యో, కాదవ్వా."

అవ్వ గొంతు మారింది. "తెల్సిందిలే. మా ఇంట్లో మందు పెడతామని బయం గదా నీకు? ఎవరో సెప్పింటారు. సూడు!" అని నా ఇస్తరిలో ఓళిగ సగం సించి తన నోట్లో ఏసుకొనింది. నములుతా, కండ్లనిండా నీళ్ళు పెట్టుకొని, "నేను తిన్నా. సస్తే నేనే ముందు సస్తా. ఇప్పుడన్నా తింటావా?"

నేను ఎస్తేరు పక్క సూసినా. ఆ పిల్ల తన సేతులు తిప్పి సూసుకుంటాండాది. దారాలకు రంగులద్ది గోళ్ళు నీలంగా ఉండాయి. ఆ సేతులు సూసే నేను తినలేదనుకొని, కొంగు కింద దాసుకొనింది.

అది సూసినంక నాకు ఇంక మాట ఆగలే.

"పిల్ల సేతులు బంగారమవ్వా. నా కడుపే మంచిది కాదు" అన్నా. మొదలుపెట్టినంక అంతా వచ్చేసింది. మూడేండ్లు, పసరు, రైల్లో తలుపు పక్కన కూసునేది, మేకపిల్ల. కైరుప్పల పిల్ల సంగతి కూడా సెప్పినా. "ఆ పిల్లకు అన్యాయం సేసినా. నా తమ్మునికి అబద్ధం సెప్పినా. ఇప్పుడు మీ ఇంట్లో కూడా అదే సేస్తాండా" అన్నా.

అవ్వ అంతా ఇనింది. మేకపిల్ల కాడ ఒకసారి మూతికి కొంగు అడ్డం పెట్టుకొనింది. ఎస్తేరు మాత్రం నగలే, కదలలే. తరువాత అవ్వ బయటికి తిరిగి గట్టిగా అరిసింది.

"ఒరేయ్, మగ్గం ఏంటికి నిలబెట్టినావు? సుట్టాలొస్తే నేత మానుకుంటారా? ఆడించు!"

"ఇప్పుడా అమ్మా?"

"ఇప్పుడే! ఆడించు అంటాండా!"

టక్కు టక్కు అని మొదలయింది. నా కడుపు సప్పుడు నాకే వినపడకుండా పోయింది. అవ్వ ఎస్తేరును సూసి, "ఆ ఓళిగ తీసెయ్. జొన్న గంజి పల్సగా కాసి తే. తాగే గంజి, మగ్గానికి పెట్టేది కాదు" అనింది. గంజి వచ్చినంక అందులో బెల్లం గడ్డ ఏసి, "పిల్ల సేతి తీపే గదా మీకు కావాల్సింది? తీపే ఇది" అని నా సేతిలో పెట్టింది.

గుటక గుటక తాగినా. కడుపు మెలి తిరగలే. గిన్నె కింద పెట్టేదాకా లేయలే.

"నువ్వు ఒప్పుకుంటివి, బాగుంది" అనింది అవ్వ. "మా పిల్ల ఇంకా ఏమీ సెప్పలే. ఇది ఇన్నంక దాని మనసులో ఏముందో. రేప్పొద్దున అడుగుతా."

ఆ మాటతో తాగిన గంజి మళ్ళా బరువైంది. సెప్పకపోతే తినలేదని సంబంధం పోయేది. సెప్పినందుకు, రోగం వంశంలో ఉండాదేమో అని పోతాదేమో. ఎస్తేరు గిన్నె తీసుకొని గమ్మున లోపలికి పోయింది. నా పక్క సూడను కూడా సూడలే.

రెండో దినం తెల్లార్తో

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పండుకుంటిమి. కోడి కూసినంక ఎస్తేరు వచ్చి నా బుజం తట్టింది. సేతిలో రెండు సెంబులు. ఒకటి నాకిచ్చింది.

వీది ఆడోళ్ళంతా ఒక పక్క పోతాంటే, ఆ పిల్ల నన్ను ఇంకో పక్కకు పిల్సకపోయింది. కూలిన గోడ ఒకటి, దాని ఎనక కంప. "ఈడికి ఎవరూ రారు. పగలు కూడా రారు" అనింది. ఆ పిల్ల నోట నేను విన్న మొదటి మాట అదే. గోడకు ఆ పక్క తను, ఈ పక్క నేను. ఎవరికీ ఎవరూ కనపడము.

ఎంత సేపటికో గోడ ఆ పక్క నుంచి అడిగింది.

"మీ ఊర్లో ఆడోళ్ళు యాడికి పోతారు?"

నాకు ముందు అర్థం కాలే. పిల్లోడు ఎట్లుంటాడు, ఎన్నెకరాలు సేస్తాడు అని అడుగుతాదనుకున్నా.

"ఊరికి తూర్పు పక్క వంక ఉండాది" అన్నా.

"సాటు ఉంటాదా?"

"గట్టు మింద నాగజెముడు ఉంటాది, మనిషెత్తు."

"వానాకాలం వంక వస్తే?"

"అప్పుడు పడమటి పక్క పాత కళ్ళం గోడ. దావ బురద గానీ తావు బాగుంటాది. ఆడ ఒక కుక్క ఉంటాది, అరుస్తాది, కరవదు."

"పగలు అయితే? ఉన్నట్టుండి అవసరమైతే?"

"పగలు మిట్ట సేను ఎనక కందిసాళ్ళు. కంది కోసినంక గడ్డివాము. అవేవీ లేకుంటే రాళ్ళ దొడ్డి, దానికి తడిక నేనే కట్టుకున్నా." సెప్తా సెప్తా నాకే ఇచిత్రమనిపించింది. మూడేండ్లు దాసిపెట్టుకున్న తావులన్నీ ఒక్కొక్కటే ఆ పిల్లకు అప్పజెప్పుతాండా. ఏ నెల యాడ, ఏ పొద్దు యాడ, ఎవరు ఆ పక్క వస్తారు, ఎవరు రారు. అంత బాగా తెల్సినోళ్ళు మా ఊర్లో ఇంకొకరు లేరు.

గోడ ఆ పక్క సెంబు కింద పెట్టిన సప్పుడు వినపడింది.

"మా పక్కింటి పిల్లను ఇచ్చిన ఊర్లో ఏ సాటూ లేదంట" అనింది మెల్లగా. "అది పగలంతా నీళ్ళు కూడా తాగదంట. నేను అదే బయపడుతాండా. ఎవర్ని అడగాలో తెలీక." మళ్ళా, "ఆ తడిక ఇద్దరికి సాలుతాదా వదినా?" అనింది.

వదినా అనింది.

"పెద్దది కడదాంలే" అన్నా.

ఆ మద్యానం అరుగు మింద మామ, ఎస్తేరు నాయన వక్కాకు పుచ్చుకున్నారు. మామ ఆదాము నుంచి మొదలుపెట్టి ఇంకో ప్రార్థన సేసినాడు. సంబంధం ఆ అరుగు మిందనే కుదిరిందని ఈ పొద్దుకూ ఊరంతా సెప్తాంటాడు. సెప్పుకోనీ.